బాపు విమానానికి ధర కట్టే ముందు

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు,

పెద్దబాపు ఆశీస్సులు. నువ్వు కరీంనగర్ నుంచి పంపిన కాగితాలు అందాయి. కాలం చేసిన మీ బాపు తన సెస్నా విమానం మీద పెట్టిన ప్రతి రూపాయినీ ఏడాదివారీగా రాశావు. కింద మొత్తం వేసి, "ఇంతకు తక్కువకు అమ్మితే బాపుకు అన్యాయం చేసినట్టు కాదా పెద్దబాపూ" అని అడిగావు. రెండు రోజులు ఆ లెక్క ముందు పెట్టుకుని కూర్చున్నాను. నాదీ మీ బాపుదీ మామునూరు మైదానంలో ఎన్‌సీసీ గ్లైడర్ దగ్గర మొదలైన స్నేహం. ఆ సెస్నాను కొన్న రోజు నుంచి బేగంపేట హ్యాంగర్‌లో దాని మంచిచెడ్డలు చూసుకున్నది నేనే. కాబట్టి నీకు ఉన్నది ఉన్నట్టు చెప్పే బాధ్యత నా మీద ఉంది.

నీ లెక్కలో ఒక్క పద్దు కూడా తప్పు లేదు బిడ్డా. కానీ దాన్నుంచి ధర రాదు. మీ బాపు ఎంత పెట్టాడో కొనేవాడికి అక్కర లేదు. ఇంకా ఏం మిగిలి ఉందో అదే చూస్తాడు. ఇంజిన్‌లో ఎన్ని గంటలు ఉన్నాయి, విమానం ఒంటి రేకులో ఎంత బలం ఉంది, దాని చరిత్ర రాసిన లాగ్‌బుక్కుల్లో ఎంత నమ్మకం ఉంది. నువ్వు కూడా ఆ కంటితోనే చూడాలి.

ముందు ఒక పునాది అంకె కావాలి. అమెరికాలో ఎయిర్‌క్రాఫ్ట్ బ్లూబుక్, వీరెఫ్ అని ధరల పట్టికలు ఉన్నాయి. అందులో సరిగ్గా మన మోడల్ దగ్గరే చూడు. మనది 1984 నాటి సెస్నా 172పి. ఎవరైనా 172 అన్నీ ఒకటే అంటే నమ్మకు. 1977 నుంచి 1980 వరకు వచ్చిన 172ఎన్‌లో హెచ్2ఏడీ రకం ఇంజిన్ ఉండేది. వాల్వులను తెరిచే కామ్ షాఫ్ట్, లిఫ్టర్లు అరిగిపోతాయని దానికి చెడ్డపేరు వచ్చింది. మన పి మోడల్‌లో ఉన్నది లైకమింగ్ కంపెనీ ఓ-320-డీ2జే, నమ్మకమైన ఇంజిన్. 1986లో ఈ విమానాల తయారీ ఆగిపోయింది. మళ్లీ 1996లో మొదలైనప్పుడు ఇంధనం ఇంజెక్షన్‌తో వెళ్లే ఇంజిన్లు పెట్టారు. కాబట్టి ఆ కొత్త 172ఆర్, 172ఎస్‌ల ధరలు చూసి ఆశపడకు, పాత ఎన్ ధర చూసి దిగులుపడకు.

ఆ పట్టికలో రాసే ధర సగం వయసు ఇంజిన్‌ను, మామూలు పరికరాలను, దెబ్బ తగలని విమానాన్ని లెక్కలో పెట్టుకుని వేస్తారు. మన విమానం అందులో దేనికి ఎంత ఎక్కువ, దేనికి ఎంత తక్కువ అన్నదే అసలు పని. విమానం ఇప్పటికే మన దేశపు వీటీ రిజిస్ట్రేషన్‌తో ఇక్కడ ఉంది, కొనేవాడికి దిగుమతి ఖర్చు, నెలల తరబడి తిరుగుడు తప్పుతాయి. అది మనకు కలిసొచ్చే సంగతి. కానీ మన దేశంలో ఇలాంటి విమానం కొనేవాళ్లు కొద్దిమందే. ఎక్కువగా పైలట్ శిక్షణ స్కూళ్లే అడుగుతాయి, వాళ్లు గంటలు లెక్కపెట్టి బేరం ఆడతారు.

ఇప్పుడు ఇంజిన్. ధరలో పెద్ద తేడా వచ్చేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదువు.

ఓవర్‌హాల్ అంటే ఇంజిన్ మొత్తం విప్పి, అరిగినవి మార్చి మళ్లీ బిగించడం. ఈ ఇంజిన్‌కు లైకమింగ్ చెప్పిన ఓవర్‌హాల్ గడువు 2,000 గంటలు. మనది ఓవర్‌హాల్ చేయించింది 2012లో. అప్పటి నుంచి 1,150 గంటలు నడిచింది. లెక్క తేలికగా ఉండటానికి ఇప్పుడు ఓవర్‌హాల్‌కు అన్నీ కలిపి 30 లక్షలు అవుతుందని అనుకో. దాన్ని 2,000తో భాగిస్తే గంటకు 1,500 రూపాయలు. సగం వయసు అంటే 1,000 గంటలు. మనం 150 గంటలు దాటాం. కాబట్టి పునాది ధరలోంచి 2 లక్షల 25 వేలు తీసేస్తే చాలని నువ్వు అంటావు.

కొనేవాడి ఇంజినీరు అలా అనడు. లైకమింగ్ సర్వీస్ ఇన్‌స్ట్రక్షన్ 1009లో గంటలతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంది. గంటలు పూర్తి కాకపోయినా 12 ఏళ్లకు ఓవర్‌హాల్ చేయించాలి. మనకు 2024లోనే ఆ గడువు దాటింది. ఈ ఇంజిన్‌లో మిగిలింది సున్నా అని అతను లెక్క వేస్తాడు, పునాది ధరలో ఉన్న సగం వయసు విలువ 15 లక్షలూ తగ్గించమంటాడు. 2 లక్షల 25 వేలకూ 15 లక్షలకూ మధ్య ఉన్నదే నీ బేరం. నా అభిప్రాయం అడిగితే, 15కు దగ్గరగా ఉన్న అంకెకే సిద్ధపడు. ఇంజిన్ నిజంగా బాగుందని రుజువు చూపగలిగితే రెండు మూడు లక్షలు వెనక్కి లాగవచ్చు.

ఆ రుజువు నోటిమాటతో రాదు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు కంప్రెషన్ పరీక్ష చేయించాలి. 80 పౌండ్ల ఒత్తిడితో గాలి పంపి, ఒక్కో సిలిండర్ ఎంత నిలుపుతోందో చూస్తారు. నాలుగూ 70కి పైన ఉంటే సంతోషం. ఏదైనా 60 లోపుకు వస్తే ఆ సిలిండర్ విప్పాల్సి వస్తుందని అనుకో. అంకెతో పాటు గాలి ఎటు నుంచి పోతోందో చెవి పెట్టి వినాలి. ఎగ్జాస్ట్ గొట్టంలో బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే ఆయిల్ బ్రీదర్ గొట్టంలోంచి వస్తే పిస్టన్ రింగులు పాడైనట్టు. నేను పక్కన నిలబడి ఆ పరీక్ష చేయిస్తాను. ఆయిల్ ఫిల్టర్‌ను కోసి, లోపల లోహపు పొట్టు ఉందేమో చూసి ఫోటో తీయిస్తాను. బోరోస్కోప్ అనే సన్నని కెమెరాతో సిలిండర్ల లోపల కూడా చూడాలి. ఎనుమాముల యార్డులో పత్తి కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి తేమ చూడకుండా ధర చెప్పడు కదా. ఇదీ అంతే.

ఇంకో మాట. విమానం ఎగిరి ఇప్పటికి ఎనిమిది నెలలైంది. లైకమింగ్ ఇంజిన్‌లో కామ్ షాఫ్ట్ పైభాగంలో ఉంటుంది. నడవకుండా ఉంటే దాని మీది ఆయిల్ కిందికి జారిపోతుంది, గాలిలోని తేమకు తుప్పు పడుతుంది. ఆ తర్వాత స్టార్ట్ చేస్తే తుప్పు పట్టిన చోటే అరుగుతుంది. వాచ్‌మన్ చేత వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేయించి ఆపేస్తే చాలని ఎవరో సలహా ఇచ్చారని రాశావు. దయచేసి వద్దు. నేల మీద కాసేపు నడిపితే ఆయిల్ వేడెక్కదు, లోపల చేరిన తేమ ఆవిరై పోదు, ఇంకా చెడు చేస్తుంది. ఎగరేస్తే ఎగరేయాలి, లేకపోతే పద్ధతి ప్రకారం భద్రపరచాలి. ఈ వానాకాలం మొత్తం ఇలాగే వదిలేస్తే నువ్వు రూపాయి ఖర్చు పెట్టకుండానే ధర పడిపోతుంది.

ఇక లాగ్‌బుక్కులు, నడిచిన గంటలు, చేసిన పనులు రాసే పుస్తకాలు. విమానానికి, ఇంజిన్‌కు, ప్రొపెల్లర్‌కు వేరువేరుగా ఉంటాయి. నా ఉద్యోగం మొదట్లో ఒక విమానానికి విలువ కట్టమని ఒక యజమాని పిలిచాడు. రంగు కొత్తది, లోపల తోలు సీట్లు, చూస్తే కళ్లు చెదిరేలా ఉంది. ఇంజిన్ పాత పుస్తకం ఒకటి పోయిందని అన్నాడు. అంత అందమైన విమానంలో ఏం తేడా ఉంటుందిలే అని మంచి ధరే రాసిచ్చాను. కొన్నవాళ్లు ఆరు నెలలకు ఇంజిన్ విప్పితే తేలిందేమిటంటే, యజమాని ఓవర్‌హాల్ అని చెప్పింది టాప్ ఓవర్‌హాల్ మాత్రమే. సిలిండర్లు మార్చారు, కింద క్రాంక్ షాఫ్ట్, బేరింగులు పాతవే. నా మాట నమ్మి డబ్బు పెట్టిన మనిషి ముందు తల దించుకుని నిలబడ్డాను. ఆ రోజు నుంచి పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదవకుండా ధర చెప్పలేదు.

మన పుస్తకాలన్నీ ఉన్నాయి, మొదటి రోజు నుంచీ. అది పెద్ద బలం. విమానం అమెరికాలో ఉన్న కాలంలో జరిగిన పెద్ద రిపేర్లకు ఫారం 337 కాగితాలు కూడా వెనక అట్టలో ఉన్నాయి. ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్‌లు (ఏడీలు), అంటే తప్పక పాటించాల్సిన భద్రతా ఆదేశాలు, అన్నీ పాటించినట్టు ఒక పట్టిక తయారు చేయాలి. ఉదాహరణకు సెస్నా సీటు పట్టాల మీద 2011-10-09 అనే ఏడీ ఉంది. టేకాఫ్‌లో సీటు ఒక్కసారిగా వెనక్కి జారిపోయి పైలట్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు కాబట్టి, ప్రతి 100 గంటలకూ ఆ పట్టాలు, పిన్నులు కొలిచి రాయాలి. కొనేవాడి ఇంజినీరు మొదట తెరిచే పేజీల్లో అది ఒకటి. మనం ఒక్కసారి కూడా తప్పలేదు, ఆ సంతకాలు నావే.

అసలు పుస్తకాలు ఎవరికీ కొరియర్ చేయకు. స్కాన్ చేసి పంపు. చూడాలనుకున్నవాళ్లు మన దగ్గరికి వచ్చి, మన ముందు చూడాలి.

నువ్వు రాయని సంగతి ఒకటి ఉంది. నీకు తెలియదేమో. ఆ 2012 ఓవర్‌హాల్ ఎందుకు చేయించామంటే, మీ బాపు ఒక చోట విమానాన్ని నేల మీద నడుపుతుండగా ముందు చక్రం గుంటలో దిగి ప్రొపెల్లర్ నేలకు తగిలింది. మనిషికి గీత కూడా పడలేదు. తిరుగుతున్న ప్రొపెల్లర్‌కు దెబ్బ తగిలితే ఇంజిన్ విప్పి క్రాంక్ షాఫ్ట్ దాకా చూడాల్సిందే. ఎలాగూ విప్పాం కదా, పూర్తిగా చేయించుకుందామన్నాడు మీ బాపు. కొత్త ప్రొపెల్లర్ వేశాం. అదంతా పుస్తకంలో ఉంది. దీన్ని కొనేవాడికి మొదటి రోజే, ఫోన్‌లోనే చెప్పు. కొంత తగ్గిస్తాడు, తగ్గించనీ. దాచి, తర్వాత అతనికి పుస్తకంలో కనిపిస్తే మన మిగతా మాటలన్నీ అనుమానంలో పడతాయి. మీ బాపు కూడా దాచే మనిషి కాదు.

రేకు విషయంలో నాకు పెద్ద టెన్షన్ లేదు. మొత్తం 4,300 గంటలు ఈ వయసు విమానానికి ఎక్కువేం కాదు. శిక్షణలో తిరిగినవి పది వేలు దాటినవి చూశాను. సముద్రానికి దూరంగా, పైకప్పు కింద ఉంది కాబట్టి ఉప్పుగాలి బాధ లేదు. అయినా బ్యాటరీ పెట్టె కింద, పొట్ట భాగంలో, రెక్క ఆనే కడ్డీల దగ్గర తుప్పుకు గుర్తుగా తెల్లటి పొడి కనిపిస్తుందేమో చూడాలి. వేగం కొలిచే పిటాట్ గొట్టంలో, ఇంధనం ట్యాంకుకు గాలి వెళ్లే వెంట్‌లో కందిరీగలు మట్టి గూళ్లు పెడతాయి. ఎనిమిది నెలలు చాలా ఎక్కువ వాటికి. మూతలు వేసి ఉన్నాయో లేదో ఈ వారమే ఎవరినైనా పంపి చూడమను.

జీపీఎస్, రేడియోల మీద మీ బాపు పెట్టిన ఖర్చు నీ పట్టికలో అన్నిటికంటే పెద్ద పద్దు. అందులో సగం వస్తే అదృష్టం. రంగు వేయించకు, సీట్ల తోలు మార్చకు, తిరిగి రాదు. కడిగి, తుడిచి పెడితే చాలు. అమ్మే ముందు నువ్వు పెట్టదగ్గ ఖర్చు ఒకటి ఉంది, విమానం ఎగరడానికి తగినదేనా అని ఏడాదికోసారి చేయించే ఎయిర్‌వర్దీనెస్ రివ్యూ. ఆ సర్టిఫికెట్ అమల్లో ఉంటే విమానం ఎగిరి చూపిస్తుంది, కొనేవాడు ఎగరేసుకుపోతాడు. లేకపోతే ఒక మూలన పడి ఉన్న సామానుకు కట్టినట్టు ధర కడతాడు.

మామునూరు విమానాశ్రయం తెరిస్తే రేటు పెరుగుతుంది, ఆగమని మీ బంధువు అన్నాడట. నిజాం కాలంలో కట్టిన ఆ మైదానం మళ్లీ బతికితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. 1981లో విమానాలు ఆగిపోయినప్పుడు ఎంత బాధపడ్డామో నాకూ మీ బాపుకూ తెలుసు. 2025లో కేంద్రం అనుమతి ఇచ్చిందని విన్న రోజు మిఠాయి పంచాను. కానీ రన్‌వే దగ్గరైనంత మాత్రాన పాత ఇంజిన్‌కు గంటలు పెరగవు. ఆగిన ప్రతి నెలా హ్యాంగర్ అద్దె, ఇన్సూరెన్స్ పోతూనే ఉంటాయి. పెట్రోలు సంగతి కొంచెం నయం. ఈ ఇంజిన్ తాగే నీలి రంగు ఏవీగ్యాస్‌ను అంతకుముందు విదేశాల నుంచి తెచ్చుకునేవాళ్లం, 2022 నుంచి ఇండియన్ ఆయిల్ వడోదరలో తయారు చేస్తోంది. పెట్రోలు దొరకదనే సాకుతో కొనేవాడు ధర తగ్గించబోతే ఈ మాట చెప్పు.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇంకా మీ బాపు పేరు మీదే ఉంది. వారసత్వ కాగితాలతో ముందు పౌర విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర మీ అమ్మ పేరుకో నీ పేరుకో మార్పించాలి. బ్యాంకు అప్పు ఎప్పుడో తీరింది, అయినా ఆ తాకట్టు రద్దయినట్టు కాగితం చేతిలో ఉండాలి. పన్ను సంగతి ఆడిటర్‌ను అడుగు. కొనేవాడు తన సొంత ఇంజినీరుతో చూపించుకుంటానంటే సంతోషంగా ఒప్పుకో, కానీ బయానా తీసుకున్నాకే ఇంజిన్ మీది మూత (కౌలింగ్) విప్పనివ్వు. ఆ తనిఖీలో ఏం బయటపడితే ఎవరు భరించాలో ముందే కాగితం మీద రాసుకోండి.

వచ్చే ఆదివారం పొద్దున్నే బేగంపేట రా. మూడు లాగ్‌బుక్కులు, ఫారం 337లు ఉన్న ఆకుపచ్చ ట్రంకు పెట్టె మీ బాపు గదిలో బీరువా పైన ఉంటుంది, తాళంచెవి ఆయన పాత ఫ్లయింగ్ జాకెట్ లోపలి జేబులో ఉంటుంది. జాకెట్ మాత్రం అమ్మకు ఇచ్చేయ్. కంప్రెషన్ పరీక్షకు మనిషిని నేను మాట్లాడి పెడతాను. కారు పైలంగా నడుపు.

మీ
పెద్దబాపు