క్యాన్సర్ అని రాసి మరీ అమ్ముతారా?

ప్రశ్న: అమ్మాయి పురిటికని పోయిన నెల కాలిఫోర్నియా వచ్చాను. ఇక్కడి ఇండియన్ స్టోర్‌లో ఆలూ చిప్స్, పసుపు కొన్నాం. చిప్స్ ప్యాకెట్ వెనక చిన్న గడి కట్టి 'వార్నింగ్' అని, ఇందులోని అక్రిలమైడ్ వల్ల క్యాన్సర్ రావచ్చని రాసి ఉంది. పసుపు మీదేమో సీసం ఉందనీ, పుట్టబోయే పిల్లలకి హాని అనీ! అమ్మాయికి ఎనిమిదో నెల. అల్లుడేమో "ఇక్కడ అన్నిటి మీదా అలాగే రాస్తారు అత్తయ్యా, వదిలేయండి" అంటాడు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. అంత ప్రమాదమైతే అమ్మనివ్వడం ఎందుకు?

జవాబు: మీ అల్లుడి మాట చిప్స్ వరకు చెల్లుతుందమ్మా, పసుపు దగ్గర చెల్లదు.

ఆ గడి వెనకున్నది ప్రపోజిషన్ 65 అనే చట్టం, 1986లో కాలిఫోర్నియా జనం ఓట్లేసి తెచ్చుకున్నది. క్యాన్సర్ తెచ్చేవీ, గర్భానికి చేటు చేసేవీ దాదాపు 900 కెమికల్స్ దాని జాబితాలో ఉన్నాయి. వాటిలో ఏదైనా పరిమితి దాటి ఒంట్లోకి వెళ్లేలా ఉంటే ముందే చెప్పి అమ్మాలి, లేకపోతే రోజుకి 2,500 డాలర్ల దాకా జరిమానా. అమ్మొద్దని మాత్రం అనదు. పైగా మామూలు మనిషి కూడా కేసు వేయొచ్చు కాబట్టి, ఎందుకొచ్చిన గొడవ అని అవసరం ఉన్నా లేకపోయినా అచ్చేసే కంపెనీలూ ఉన్నాయి. ఎంత ఉందో మాత్రం రాయరు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

అక్రిలమైడ్ ఎవరూ కలిపేది కాదు. బంగాళాదుంపల్లాంటివి 120 డిగ్రీలు దాటిన వేడిలో వేగితే దానంతటదే పుడుతుంది. మీరు ఇంట్లో వేసే చిప్స్‌లోనూ ఉంటుంది, మన బాండీకి గడి ఉండదంతే. కాఫీలోనూ ఉంది. దానికీ హెచ్చరిక పెట్టాల్సిందేనని 2018లో లాస్ ఏంజెలెస్ కోర్టు అంటే, మరుసటి ఏడాది రాష్ట్ర ప్రభుత్వం మినహాయింపు ఇచ్చేసింది. ముక్కల్ని అరగంట నీళ్లలో నానబెట్టి, తడి తుడిచి, ఎర్రగా మాడకముందే లేత బంగారు రంగులో తీసేయండి, తగ్గుతుంది.

సీసం అలా కాదు. వాళ్ల పరిమితి రోజుకి 0.5 మైక్రోగ్రాములు, చాలా గట్టి లెక్క, కాబట్టి గడి ఉన్నంత మాత్రాన విషమని కాదు. కానీ సీసం తల్లి రక్తంలోంచి బిడ్డకి చేరుతుంది, ఎదిగే మెదడుని దెబ్బతీస్తుంది. అది నేలలోంచి వచ్చిందో, పసుపు మెరవాలని లెడ్ క్రోమేట్ అనే సీసం ఉన్న పచ్చ రంగు కలిపితే వచ్చిందో గడి చూసి చెప్పలేం. ఆ ప్యాకెట్ పక్కన పడేయండి. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు సంగతి చెప్పి, రక్తంలో సీసం పరీక్ష చేయమని డాక్టర్‌ని అడగండి.

ఊరి నుంచి పసుపు తెచ్చుకునుంటే దాని మీద గడి లేదని ధీమా పడొద్దు, మన దగ్గర ఈ చట్టం లేదు. కొమ్ములు కొని మర పట్టించాను కదా అంటారేమో, కొమ్ములకే రంగు పూసే ఘనులున్నారు.