కన్ను వాచింది, జ్వరం లేదు... ఇది ఇన్ఫెక్షనేనా?

ప్రశ్న: మా బాబుకు రెండున్నరేళ్లు. పది రోజుల కిందట ఎడమ కన్ను ఎర్రబడి రెప్పలు వాచాయి. ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ వాడారు, తగ్గలేదు. స్టెరాయిడ్ ఇస్తే వాపు తీసింది, ఆపగానే మళ్లీ వచ్చింది. జ్వరం, పుసి లేవు. ఇప్పుడు క్యాన్సరేమో చూడాలి, స్కాన్ చేయించమంటున్నారు. కంటి వాపుకు క్యాన్సర్ పరీక్షలేంటి డాక్టర్ గారూ? చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ డాక్టర్ సరిగ్గానే ఆలోచిస్తున్నారు. పసిపిల్లల్లో ఇలాంటి వాపు ఎక్కువగా ఇన్ఫెక్షన్ వల్లే వస్తుంది. రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ అరుదు, 15 నుంచి 20 వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. అయితే అది ఎక్కువగా బయటపడేది మీ బాబు వయసులోనే. లోపలి గడ్డ బాగా పెరిగి, రక్తం అందక కొంత భాగం చచ్చిపోతే కన్ను చుట్టూ వాచి అచ్చం ఇన్ఫెక్షన్‌లాగే కనిపిస్తుంది. అక్కడ క్రిములు ఉండవు కాబట్టి యాంటీబయాటిక్ పనిచేయదు. స్టెరాయిడ్‌తో వాపు తగ్గుతుంది, గడ్డ అలాగే ఉంటుంది. నన్ను ఆలోచనలో పడేసింది అదే.

ఒక పని చేయండి. ఫోన్‌లో బాబు పాత ఫొటోలు తీయండి. ఫ్లాష్ వేసి తీసినవాటిలో కుడి కంటిపాప ఎర్రగా మెరిసి, ఎడమది పిల్లికన్నులా తెల్లగా మెరిసిందేమో చూడండి. ఆ కన్ను మెల్లకన్నులా పక్కకు తిరిగి ఉందేమో కూడా. ఉంటే ఆ ఫొటో డాక్టర్‌కు చూపించండి. కనబడలేదని మాత్రం స్కాన్ మానేయొద్దు.

బాబుకు మత్తిచ్చి, చుక్కలతో కంటిపాప పెద్దది చేసి రెటీనా (కంటి లోపల వెనక పొర) మొత్తం చూస్తారు. అల్ట్రాసౌండ్‌లో గడ్డలో సున్నం పేరుకున్న మచ్చలు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. కంటి నరం దాకా పాకిందో లేదో ఎంఆర్ఐలో తెలుస్తుంది. రేడియేషన్ వల్ల ఈ పిల్లలకు సీటీ వీలైనంతవరకు వద్దంటాం. ఈ క్యాన్సర్ కాదని తేలేదాకా, కంట్లో సూది గుచ్చి నీరు తీసి పరీక్షిద్దామంటే ఒప్పుకోకండి. ఆ రంధ్రం గుండా క్యాన్సర్ కణాలు బయటికి పాకవచ్చు.

రెటీనా రక్తనాళాలు పాడై నీరు కారే కోట్స్ వ్యాధి, టోక్సోకారా అనే నులిపురుగు కూడా ఇలా మభ్యపెట్టగలవు. ఒకవేళ క్యాన్సరే అయితే, ఇంత వాపు వచ్చిన కన్ను చాలాసార్లు తీసేయాల్సి వస్తుంది. దాచి లాభం లేదు. కానీ జబ్బు కన్ను దాటకపోతే బిడ్డ ప్రాణం దాదాపు ఎప్పుడూ దక్కుతుంది. స్కాన్ ఈ వారంలోనే చేయించండి. క్యాన్సరని తేలితే, బాబుకు తోబుట్టువులుంటే వాళ్ల కళ్లూ చూపించండి. కొందరిలో ఇది ఆర్‌బీ1 జన్యువు ద్వారా వస్తుంది.