మొదటి వాక్యం ఎవరి కోసం

నల్లకుంట, హైదరాబాద్

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ మెయిల్ మొన్న రాత్రి చూశాను. నువ్వు పంపిన ప్రెస్ నోట్ రెండుసార్లు చదివాను. దాని కింద రాసిన ప్రశ్నలు అంతకంటే ఎక్కువసార్లే చదివాను. ఫోన్‌లో చెప్పేయొచ్చు. కానీ పీఆర్ ఏజెన్సీలో, క్లయింట్ల తరఫున పత్రికలకు రాసే పనిలోకి వచ్చినదానివి, రాసి చెబితేనే నీకు పనికొస్తుందనిపించింది.

ముందు నీ నోట్ సంగతి. క్లయింట్ ఆస్పత్రి, ఎల్బీ నగర్‌లో కొత్తగా గుండె విభాగం తెరుస్తున్నారు. నువ్వు మొదలుపెట్టిన వాక్యం ఇది: "హృద్రోగ చికిత్సా రంగంలో అగ్రగామిగా వెలుగొందుతున్న తమ సంస్థ తన పాదముద్రను విస్తరిస్తూ ప్రపంచ స్థాయి అత్యాధునిక కేంద్రాన్ని ప్రారంభిస్తున్నట్లు ప్రకటించడం పట్ల సంతోషం వ్యక్తం చేస్తోంది." హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఇంగ్లిష్ నోట్‌ను ఏఐలో వేసి తెలుగు చేశానని నువ్వే చెప్పావు. దాచకుండా చెప్పినందుకు సంతోషం.

ఈ వాక్యాన్ని రాత్రి తొమ్మిదిన్నరకు డెస్క్‌లో కూర్చున్న సబ్ ఎడిటర్‌లా ఒకసారి చదువు. పేజీ పంపే టైమ్ దగ్గర పడింది. మెయిల్‌లో నీలాంటివాళ్లు పంపిన నోట్లు పదుల్లో ఉన్నాయి. ఆయనకు కావలసింది ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎవరికి, ఎంత ఖర్చు. నీ మొదటి వాక్యంలో వీటిలో ఒక్కటీ లేదు. నాలుగో పేరా చివర మాత్రం ఒక మాట దాక్కుని ఉంది. యాంజియోప్లాస్టీ చేసే డాక్టర్ల బృందం రాత్రిపూట కూడా అక్కడే ఉంటుందని, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందని. అమ్మా, వార్త అదే! నేనైతే ఇలా మొదలుపెడతాను: "గుండెపోటు వచ్చినవారికి ఇక నుంచి ఎల్బీ నగర్‌లోనే రాత్రీ పగలూ యాంజియోప్లాస్టీ చేస్తారు. ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది." హయత్‌నగర్‌లో ఉండే ఒక ఆటోడ్రైవర్ భార్య, ఇంతకుముందే ఒకసారి మొగుడికి ఛాతీలో నొప్పి వస్తే ఏ ఆస్పత్రికి పోవాలో తెలియక రోడ్డు మీద నిలబడ్డ మనిషి, ఈ రెండు వాక్యాలు చదివితే పేపర్ చింపి దాచుకుంటుంది. అగ్రగామి అన్న మాట ఆవిడకు ఎందుకూ పనికిరాదు.

ఇంకో సంగతి. చూడటానికి చిన్నదే గానీ, చాలా నోట్లు పక్కకు పోయేది దీనివల్లే. తెలుగు నోట్‌ను పీడీఎఫ్‌గా పంపకు. కాపీ చేస్తే అక్షరాలు చెల్లాచెదురవుతాయి, మళ్లీ టైప్ చేసే ఓపిక ఆ వేళప్పుడు ఎవరికీ ఉండదు. ఏ డెస్క్‌కు పాత డీటీపీ పద్ధతి అను ఫాంట్ కావాలో, ఎవరికి యూనికోడ్ కావాలో ఒక్కసారి ఫోన్ చేసి అడిగి రాసిపెట్టుకో. ఫొటోను వర్డ్ ఫైల్‌లో అతికించకుండా విడిగా పంపు. క్యాప్షన్‌లో ఎడమ నుంచి కుడికి పేర్లు, ఇంటి పేర్లతో సహా సరిచూసి రాయి.

ఏఐ వాడొచ్చా అని అడిగావు. వాడు. నేనూ వాడుతున్నాను. పాత క్లిప్పింగులు వెతకడానికి, పొడుగాటి రిపోర్టులో ముఖ్యమైనవి ఏరడానికి, రిపోర్టర్లు ఏం అడుగుతారో ముందే ఊహించుకోవడానికి బాగా పనికొస్తుంది. కానీ తెలుగు నోట్ ముసాయిదా మాత్రం నువ్వే రాయి. ఏఐ నుంచి వచ్చిన తెలుగు వ్యాకరణం ప్రకారం తప్పు లేకుండానే ఉంటుంది, కానీ ఏ తెలుగువాడూ అలా మాట్లాడడు. మీ అమ్మకు ఫోన్ చేసి ఈ వార్త చెప్పాల్సి వస్తే ఎలా చెబుతావో అక్కడి నుంచి మొదలుపెట్టు. ఇంకొక జాగ్రత్త. మీ క్లయింట్లలో షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీలు కూడా ఉన్నాయన్నావు. వాళ్ల ఫలితాలు స్టాక్ ఎక్స్ఛేంజీకి చెప్పకముందే నీ చేతికి వస్తాయి. ఆ అంకెలను ఏదో ఫ్రీ టూల్‌లో వేసి 'దీన్ని నోట్‌గా మార్చు' అనకు. షేరు ధరను కదిలించే, ఇంకా బయటికి రాని సమాచారం విషయంలో షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధనలు చాలా గట్టివి. పొరపాటున జరిగిందని చెబితే వినరు.

ఇప్పుడు నేను ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పని విషయం ఒకటి చెబుతాను.

పద్దెనిమిదేళ్ల కిందట నగర శివార్లలో ఒక ఫ్యాక్టరీ మా క్లయింట్. ఒకరోజు సాయంత్రం షిఫ్ట్ మారే వేళ బాయిలర్ పేలింది. నేను వెళ్లేసరికి ఏడున్నర. గేటు వేసేశారు. బయట ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంకల్లో పిల్లలు. ఒకావిడ చేతిలో స్టీలు టిఫిన్ క్యారియర్ ఉంది, భర్తకు అన్నం తెచ్చిందట. వాచ్‌మన్‌ను పట్టుకుని అడుగుతోంది: "మా ఆయన లోపలున్నడా, బయటికొచ్చిండా, గదొక్కటి చెప్పన్నా." అతనికీ తెలియదు. నేను కారు దిగడం చూసి ఆఫీసు మనిషిననుకుని నా దగ్గరికి వచ్చింది. నేను తల వంచుకుని లోపలికి వెళ్లిపోయాను.

లోపల మేనేజరు, లాయరు, ఫోన్‌లో హెడ్డాఫీసు వాళ్లు ఇద్దరు. గంటన్నర కూర్చుని నోట్ రాశాను. మొదటి వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: "కార్మికుల భద్రతకు మా సంస్థ ఎల్లప్పుడూ పెద్దపీట వేస్తుంది." చనిపోయిన ముగ్గురి పేర్లు నాలుగో పేరాలో పెట్టాను. గాయపడ్డవాళ్లను ఏ ఆస్పత్రికి తీసుకెళ్లారో రాయనే లేదు, లాయరు వద్దన్నాడు. రాత్రి పదిన్నరకు టీవీ స్క్రోలింగ్‌లో పేర్లు వచ్చాయి. ఆ క్యారియర్ ఆవిడకు భర్త పోయిన సంగతి గేటు పక్కన టీ కొట్టులో, టీవీ కింద నిలబడి తెలిసింది.

నేను రాసిన నోట్‌లో అబద్ధం ఒక్కటీ లేదు. క్లయింట్ మెచ్చుకున్నాడు, మర్నాడు అన్ని పేపర్లలోనూ వచ్చింది. అయినా నేను చేసింది తప్పు. ఆ గంటన్నరలో మొదటి పది నిమిషాలు నా చేతిలోనే ఉన్నాయి. లోపల ఎంతమంది ఉన్నారు, బయటపడ్డవాళ్లెవరు, గాయపడ్డవాళ్లు ఏ ఆస్పత్రిలో ఉన్నారు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఇవి తెల్ల కాగితం మీద రాసి గేటుకు అతికించినా సరిపోయేది. చనిపోయినవారి ఇంటివాళ్లను పక్కకు పిలిచి, కూర్చోబెట్టి, మనిషి నోటితో చెప్పి, ఆ తర్వాత మీడియాకు పేర్లు ఇవ్వాల్సింది. అప్పటి నుంచి ఏ నోట్ రాస్తున్నా, ఇది చదవకపోతే ఎక్కువ నష్టపోయే మనిషి ఎవరు అని ముందు నన్ను నేను అడుగుతాను. మొదటి వాక్యం ఆ మనిషికి రాస్తాను. క్లయింట్ గొప్పతనం తర్వాత చూసుకోవచ్చు.

నిజానికి మన వృత్తి మొదలైందే ఇలాంటి చోట. 1906 అక్టోబర్ 28న అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీద నుంచి నీళ్లలో పడి యాభై మందికి పైగా చనిపోయారు. అప్పట్లో రైలు కంపెనీలు ప్రమాదం జరిగితే విలేకరులను దగ్గరికి రానిచ్చేవి కావు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీకి పీఆర్ పని చేస్తున్న ఐవీ లీ జరిగింది జరిగినట్టు రాసి పత్రికలకు ఇచ్చాడు, విలేకరులను ప్రమాదం జరిగిన చోటికి రప్పించాడు. మొట్టమొదటి ప్రెస్ నోట్ అదేనంటారు. నువ్వూ క్లాసులో చదివే ఉంటావు. పరీక్ష అయిపోయాక మనం మర్చిపోతాం.

ఇప్పుడు ఆ గేటు ఫోన్‌లోకి వచ్చింది. నువ్వు నోట్ మొదలుపెట్టేలోపే పక్క బిల్డింగ్ మీద నుంచి ఎవరో తీసిన వీడియో వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. దానికి ఎవరు ఏ కామెంట్ తగిలిస్తే అదే నిజమైపోతుంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న ఫార్వర్డులు నమ్మి తెలంగాణలో జనం అమాయకులను కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. ఆ ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఐదు చాట్‌లకు మించి ఒకేసారి పంపకుండా చేసింది. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి దానికోసం ఎదురుచూడలేదు. ఊళ్లకు కానిస్టేబుళ్లను కేటాయించి పంపారు. వాళ్లు వెళ్లి ఊరివాళ్లతో కూర్చుని మాట్లాడారు. పుకార్లు నమ్మొద్దని జానపద కళాకారులతో పాటలు పాడించారు. నేను ట్రైనింగులకు వెళ్లినప్పుడల్లా ఈ ఉదాహరణే చెబుతాను. అక్కడ పనిచేసింది ముఖపరిచయం. కానిస్టేబుల్ ఎవరో ముందే తెలుసు కాబట్టి అతని మాట నమ్మారు. నీ క్లయింట్‌కు కూడా కష్టం రాకముందే చుట్టుపక్కల కాలనీవాళ్లతో, బస్తీ పెద్దలతో, ఆ ఏరియా రిపోర్టర్‌తో పరిచయం ఉండాలి. మంట లేచాక బావి తవ్వితే ఏం లాభం?

దొంగ వీడియోల టెన్షన్ వేరే ఉంది. 2024 ఏప్రిల్‌లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ తమ ఎండీ ముఖంతో, గొంతుతో షేర్లు కొనమని చెబుతున్న వీడియోలు నకిలీవని జనాన్ని హెచ్చరించాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థకే తప్పలేదు. మీ క్లయింట్ అసలు ప్రకటనలు ఏ వెబ్‌సైట్‌లో, ఏ నంబరు నుంచి వస్తాయో రిపోర్టర్లందరికీ ఇప్పుడే చెప్పి ఉంచు.

ఇక నువ్వు భయపడుతూ అడిగిన ప్రశ్న. కోచింగ్ సెంటర్ క్లయింట్ నలుగురు యూట్యూబర్లకు డబ్బిచ్చి, "మేమే వెళ్లి చూశాం, చాలా బాగుంది" అని చెప్పించమంటున్నాడు. డబ్బు తీసుకున్నట్టు ఎక్కడా కనపడకూడదట. ఇది మామూలేనా మేడమ్ అన్నావు. మామూలే. అయినా తప్పే. 2021 నుంచి అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమం ఉంది, డబ్బో వస్తువో తీసుకుని చెబితే అది ప్రకటన అని కనపడేలా రాయాలి. వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయొచ్చు, చెప్పినవాళ్లకు కూడా. కోచింగ్ సెంటర్ల కోసం 2024 నవంబర్‌లో ప్రత్యేకంగా మార్గదర్శకాలే తెచ్చారు. సీటు గ్యారంటీ అనకూడదు. సెలెక్టయిన పిల్లల ఫొటో వాడాలంటే సెలెక్షన్ తర్వాత వాళ్ల దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. ఈ సెక్షన్లన్నీ ఒక పేజీలో రాసి క్లయింట్‌కు మెయిల్ చెయ్యి. నోటితో చెబితే నీ మాట తీసేస్తాడు, మెయిల్ అయితే ఆలోచిస్తాడు.

చట్టం కంటే నన్ను బాధపెట్టేది వేరే. ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు అంటూ టీవీలో ర్యాంకులు అరుస్తుంటే విని పెరిగినదానివి నువ్వు. ఆ అరుపు ప్రకటనని మీ నాన్నకు తెలుసు. ఈ యూట్యూబర్ మాటను పక్కింటి అబ్బాయి మాటలా నమ్ముతాడు. నమ్మి పొలం తాకట్టు పెట్టి ఫీజు కడతాడు.

ఈ జబ్బు కొత్తది కాదు, మన దగ్గరా పాతదే. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు వేసిన సంగతిని ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ బయటపెట్టింది. తర్వాత ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో పరంజయ్ గుహ ఠాకుర్తాతో పాటు మన కె. శ్రీనివాస్ రెడ్డి గారు ఉన్నారు. 71 పేజీల నివేదిక ఇచ్చారు. 2010లో కౌన్సిల్ దాన్ని పూర్తిగా ప్రచురించకుండా కుదించిన నివేదికతో సరిపెట్టింది. వీలు చూసుకుని ఆ పూర్తి నివేదిక చదువు. ఏజెన్సీల గురించి అందులో ఉన్నది చదివితే మన వృత్తి మీద కోపం వస్తుంది. రావాలి కూడా.

నెలకు ఇరవై క్లిప్పింగులు టార్గెట్ అన్నారట. పేపర్లో వార్త పట్టిన చోటును కాలమ్ సెంటీమీటర్లలో కొలిచి, యాడ్ రేటుతో గుణించి విలువ కట్టే పద్ధతిని 2010లో బార్సిలోనాలో జరిగిన పీఆర్ వాళ్ల సమావేశంలోనే కాదన్నారు. మీ బాస్‌కు తెలియకుండా ఉండదు, క్లయింట్ అడుగుతాడని చేస్తుంటాడు. టార్గెట్ పూర్తిచెయ్యి, గొడవ పడకు. దాని పక్కనే ఇంకో కాలమ్ నువ్వు పెట్టుకో: వార్త వచ్చిన వారంలో ఆస్పత్రికి ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఏం అడిగారు. మూడు నెలలయ్యాక అది చూపించు.

ఇప్పుడు ఈ ఒక్క పని చెయ్యి. శనివారం ఆ ఆస్పత్రికి వెళ్లు. మార్కెటింగ్ వాళ్ల గదిలో కూర్చోకు. కింద ఆరోగ్యశ్రీ కౌంటర్ పక్కన బెంచీ మీద ఒక గంట కూర్చో. వచ్చినవాళ్లు మొట్టమొదట ఏం అడుగుతున్నారో వాళ్ల మాటల్లోనే రాసుకుని నాకు పంపు. నోట్ ఆదివారం పొద్దున కూర్చుని రాద్దాం. ఇంటికి రా, టిఫిన్ ఇక్కడే చేద్దువుగాని.

ఉంటాను.

మీ మేడమ్