చిలుము, తుప్పు, నూరడం, సాన పట్టడం

ప్రశ్న: పాత ఇనప సామాన్ల కొట్లలో దొరికే కత్తెరలు కొనుక్కొచ్చి, బాగు చేసి దాచుకుంటుంటాను. ఆ పద్ధతిని పిల్లల కోసం ఇలా రాసిపెట్టాను: “చిలుము పట్టిన ఒక జత కత్తెరను వెనిగర్‌లో ఊరబెట్టి, ఉప్పు కాగితంతో నూరి, సాన పట్టాలి.” ఇనుముకు పట్టేది తుప్పేగానీ చిలుము కాదని ఒక మిత్రుడు దిద్దారు. మాది గిద్దలూరు. మా వైపు ఇనుముకూ చిలుమే అంటాం. ఏది ఒప్పు? ఇంకేమైనా తప్పులున్నాయా?
– కావలిలో స్థిరపడిన ఒక పాఠకుడు

జవాబు: మీ మాటా తప్పు కాదు, మీ మిత్రుడి మాటా తప్పు కాదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు గిద్దలూరు, మార్కాపురం కర్నూలు నుంచి వచ్చి చేరాయి. కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు నెల్లూరు నుంచి వచ్చాయి. తర్వాత రెండేళ్లకు దానికి ప్రకాశం పేరు పెట్టారు. అప్పట్లో జిల్లా ఒకటైనా మాటలు పాత దారినే నడుస్తున్నాయి. రాయలసీమలో ఇనుముకూ చిలుము పడుతుంది, తెలంగాణలో జంగు పడుతుంది, నెల్లూరు వైపు తుప్పు పడుతుంది.

తుప్పుకు పాత రూపం త్రుప్పు. త్రోవ తోవ అయినట్టే ఇదీ తుప్పు అయింది. కన్నడంలో దీని చుట్టం తుక్కు. చిలుముకు కిలుము అనే రూపం కూడా ఉంది. కన్నడంలో కిలుబు అంటారు, తమిళంలో కళింబు. ఆ రెండు భాషల్లోనూ అది ముఖ్యంగా రాగి, ఇత్తడి పాత్రల మీద పట్టే పచ్చటి మకిలి. తెలుగు నిఘంటువులు చిలుముకు రెండర్థాలూ ఇస్తాయి. కాబట్టి మాట్లాడేటప్పుడు మీ గిద్దలూరు మాటను నిస్సంకోచంగా వాడండి.

రాసేటప్పుడు మాత్రం, ముఖ్యంగా చేసే పద్ధతి రాసేటప్పుడు, రెంటినీ వేరు చేయమంటాను. ఇత్తడి పిడుల కత్తెర ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. మీరట్‌లో పాత వాహనాల కమాను పట్టీలతో బ్లేడు చేసి ఇలాంటి కత్తెరలు తయారుచేస్తారు. వాటికి 2013లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అలాంటి పాత కత్తెరకు బ్లేడు మీద ఎర్రగా పొడిలా రాలేది తుప్పు. వేళ్లు దూర్చే ఉంగరాల లోపలి మూలల్లో పచ్చగా, జిడ్డుగా అంటుకునేది చిలుము. ఒకే వస్తువు మీద రెండు జబ్బులు, మందులూ వేరు. ఇత్తడికి చింతపండు పులుసు పూసి ఐదు నిమిషాలు రుద్దితే చాలు. బ్లేడుకు గంటల పని. “చిలుముకు చింతపండు” అని మీరు రాస్తే గిద్దలూరు పిల్లవాడు బ్లేడుకు పూసి రాత్రంతా వదిలేస్తాడు. తెల్లారేసరికి ఉక్కు నల్లగా మసకబారి ఉంటుంది.

ఇక ‘ఊరబెట్టి’. ఊరడం మామిడికాయ పని, దానికి రోజులు పట్టాలి. ఇక్కడ కావలసింది నానబెట్టడం. పులుపు తుప్పును మాత్రమే తిని ఆగదు, కింది ఉక్కునూ తింటుంది. పైపైన ఉన్న తుప్పుకు రెండు గంటలు చాలు. మందంగా ఉంటే ఆరేడు గంటలు ఉంచవచ్చుగానీ, గంటకోసారి తీసి పాత టూత్‌బ్రష్‌తో తోమి చూడాలి. పొడవాటి గ్లాసులో మొనలు కిందికి ఉండేలా నిలబెట్టి బ్లేడు మేరకే వెనిగర్ పోయండి. ఇత్తడి పిడి మునగకూడదు. మునిగితే ఇత్తడిలోని రాగి కరిగి ఉక్కు మీద ఎర్రటి పొరగా పేరుకుంటుంది. నికెల్ పూత ఉన్న కత్తెరను అసలు నానబెట్టవద్దు, పూత పెచ్చులుగా లేస్తుంది.

బయటికి తీశాక లీటరు నీళ్లలో పెద్ద చెంచాడు వంటసోడా కలిపి ఐదు నిమిషాలు ముంచి, కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టాలి. తడి మీదే వదిలేస్తే నిమిషాల్లో నారింజ రంగు పొర మళ్లీ వస్తుంది. కావలి లాంటి సముద్రపు గాలి ఊళ్లో మరీ త్వరగా వస్తుంది.

మీ వాక్యంలో అసలు ప్రమాదం ‘నూరి’ అన్న మాటలో ఉంది. నూరడం అంటే రాయి కదలకుండా ఉండి, చేతిలోది దాని మీద ఆడడం. మిరియాలు నూరినా, కత్తి నూరినా వస్తువు అరుగుతుంది. ఉప్పు కాగితంతో చేసేది రుద్దడం. పై తుప్పు పోవాలి, లోహం అరగకూడదు. 600 నంబరు కాగితానికి రెండు చుక్కల కిరోసిన్ తగిలించి, బ్లేడు పొడవునా ఒకే దిశలో రుద్దాలి. గుండ్రంగా తిప్పితే గీతలు మిగులుతాయి. ఎర్ర పొడి పోయాక అడుగున గట్టిగా అతుక్కున్న నల్లటి పొర కనిపిస్తే దాన్ని వదిలేయండి, దానివల్ల హాని లేదు.

కత్తెర బ్లేడుల లోపలి ముఖాలు చదునుగా ఉండవు. సన్నగా పల్లంగా ఉంటాయి, బ్లేడు కూడా కొద్దిగా లోపలికి వంగి ఉంటుంది. అందుకే మూసేటప్పుడు రెండు అంచులూ ఒక్క చోటే తాకుతాయి. ఆ తాకే చోటు చీల దగ్గర మొదలై మొన దాకా జరుగుతూ పోతుంది. గుడ్డ తెగేది ఆ చోటే. మీ మాట నమ్మి ఎవరైనా లోపలి ముఖాన్ని నూరి చదును చేశారో, ఆ తర్వాత గుడ్డ తెగదు, బ్లేడుల మధ్య మడత పడి నలుగుతుంది. లోపలి వైపు నూనె గుడ్డతో తుడవడమే, మరీ అవసరమైతే వేలితో మెల్లగా రుద్దడమే.

‘సాన పట్టాలి’ సరైన మాటే. తిరిగే సానకు పనిముట్టును పట్టి ఉంచుతాం కాబట్టి ‘పట్టడం’. కత్తెరకు బయటి వైపు ఏటవాలునే, ముందున్న వాలులోనే పట్టాలి. సానకు గట్టిగా అదిమితే వేడెక్కి అంచు నీలం తిరుగుతుంది. అప్పుడు పదును పోయిందంటాం. ఆ మాటకు కమ్మరి కొలిమి దగ్గర ఇంకో అర్థం ఉంది: ఉక్కును కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరచడం. నీలం తిరిగిన అంచుకు పోయింది ఆ పదునే, ఎంత సాన పట్టినా తిరిగి రాదు.

‘ఒక జత కత్తెర’ ఇంగ్లిషు నీడ. మనకు కత్తెర ఏకవచనమే, రెండు బ్లేడులూ కలిస్తేనే కత్తెర. ‘రెండు కత్తెరలు’ అంటే దర్జీ దగ్గర రెండు వేరు వేరు కత్తెరలున్నాయనే అర్థం. బ్లేడుకు ‘అలుగు’ అనే పాత మాట ఉందిగానీ, మీ పిల్లలకు చెరువు అలుగే గుర్తొస్తుంది. బ్లేడు అనే రాయండి.

వాక్యాన్ని ఇలా మార్చుకోండి: “తుప్పు పట్టిన కత్తెర బ్లేడును వెనిగర్‌లో నానబెట్టి, తోమి, సోడా నీళ్లతో కడిగి ఆరబెట్టి, బయటి వైపు ఉప్పు కాగితంతో రుద్ది, ఏటవాలుకు సాన పట్టి, చీల దగ్గర ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేయాలి.” నూనె పేరు విడిచిపెట్టకండి. ఉత్త ‘నూనె’ అని రాస్తే వంటింట్లోని నువ్వుల నూనె వేస్తారు, అది నెలలు గడిచేసరికి జిగటగా గట్టిపడి కత్తెరను బిగించేస్తుంది.