ఆ మూడు గీతలు గీసే ముందు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు బయోరిథమ్ యాప్ తయారుచేస్తున్నావట, వచ్చే నెల పరీక్షలకల్లా హాస్టల్లో నీ స్నేహితులందరికీ ఇస్తావట. పుట్టినతేదీ కొడితే ఒళ్ళు, మనసు, బుద్ధి ఏ రోజు ఎలా ఉంటాయో చూపించే మూడు గీతలు వస్తాయని, పొద్దున్నే "ఈరోజు జాగ్రత్త" అని మెసేజ్ కూడా వస్తుందని మురిసిపోతూ చెప్పాడు. లెక్కంతా ఎవరినీ అడక్కుండా నువ్వే రాసుకున్నావని విని నాకెంత సంతోషమేసిందో! శేషాలు నేర్పింది నేనే కదా అని గర్వం కూడా కలిగింది. ఫోన్ పెట్టేశాక మాత్రం తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

గీతలు గీయడం గురించి నీకు నేను చెప్పాల్సిందేమీ లేదు. పుట్టినప్పటి నుంచి గడిచిన రోజులు లెక్కపెట్టాలి, లీపు సంవత్సరాలు మరిచిపోకూడదు. ఒంటి చక్రం 23 రోజులంటారు కాబట్టి 23తో భాగిస్తే ఒంటి గీత, అలాగే 28తో మనసు గీత, 33తో బుద్ధి గీత. 7000 రోజులు నిండినవాళ్ళకి శేషాలు 8, 0, 4 వస్తాయి. ఒంటి గీత శిఖరం దాటి దిగుతోంది, బుద్ధి గీత ఎక్కుతోంది, మనసు గీత సరిగ్గా సున్నా మీదుంది. సున్నా దాటే రోజునే క్రిటికల్ డే అంటారు, ఆ రోజు ప్రమాదమంటారు. ఇక మిగతాదంతా అలలా ఎక్కి దిగే సైన్ వేవే.

నేను చెప్పాల్సింది వేరే ఉంది. మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

1988లో నేను కొత్తగా టీచరుద్యోగంలో చేరాను. ఓ పత్రికలో ఈ బయోరిథమ్ గురించి చదివి, గ్రాఫ్ నోట్‌బుక్కూ మూడు రంగుపెన్సిళ్ళూ కొనుక్కున్నాను. ఒంటికి ఎరుపు, మనసుకి నీలం, బుద్ధికి ఆకుపచ్చ. ఇంట్లో అందరికీ గీశాను. రాత్రిళ్ళు కూర్చుని మొన మొద్దుబారేదాకా గీసేదాన్ని. ఎవరైనా విసుక్కుంటే నీలం గీత చూసేదాన్ని, దిగువనుంటే "అదీ సంగతి" అనుకునేదాన్ని. ఎగువనుంటే ఆ రోజు మరిచిపోయేదాన్ని. ఆ మరిచిపోవడం నాకు చాలా ఏళ్ళదాకా తెలియలేదు.

మీ నాన్నకప్పుడు పందొమ్మిదేళ్ళు. పరుగుపందేల్లో వాడిని పట్టుకునేవాడు లేడు. ఒక సాయంత్రం గుమ్మంలో కూలబడి, "అక్కా, మెట్లెక్కితే కాళ్ళు పీకుతున్నాయి, అన్నం చూస్తేనే వికారంగా ఉంది" అన్నాడు. నేను నుదురు ముట్టుకుని చూడలేదమ్మా. నోట్‌బుక్ తెరిచాను. ఎర్రగీత అంతకు ముందురోజే సున్నా దాటి కిందికి దిగింది. "ఇంకో పదిరోజులు ఇలాగే ఉంటుందిరా, తర్వాత అదే లేస్తుంది" అని వేలుపెట్టి చూపించాను. వాడు తలూపాడు. లెక్కల టీచరైన అక్క చెబితే వాడికి వేదం.

మీ నానమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంటే నేనే అడ్డుపడ్డాను. నాలుగోరోజు వాంతులు. ఒళ్ళు నొప్పులకి వాడంతట వాడే మాత్రలు మింగాడు. ఆరోరోజు నుంచి మూత్రం ముదురురంగులో వస్తోందని తర్వాత తెలిసింది. అక్క చెప్పింది కదా, తగ్గిపోతుందిలే అని ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదోరోజు పొద్దున కిటికీ దగ్గర నిలబడి మొహం తుడుచుకుంటుంటే వెలుగు కళ్ళ మీద పడింది. మీ నానమ్మ చేతిలో గ్లాసు అక్కడే పెట్టేసి వాడి రెప్ప కిందికి లాగి చూసింది. పసుపు. కామెర్లు. "ఇన్నిరోజులు ఏం చేస్తున్నారు?" అని డాక్టరు అడిగితే నేను నేల చూశాను. లివర్ దెబ్బతిని ఉన్నప్పుడు ఆ మాత్రలు పడ్డాయని ఆయన మరీ కోప్పడ్డాడు. రెండు నెలలు మంచంలోనే ఉన్నాడు. పరుగు మళ్ళీ మొదలుపెట్టలేదు.

అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటి ఉంది. ఆ రోజు రాత్రి వాడు నిద్రపోయాక నోట్‌బుక్ తీసి, ఎర్రగీత అడుగున ఉన్న చోట చిన్న టిక్కు పెట్టి, పక్కన "కరెక్ట్" అని రాశాను. నా తమ్ముడి జబ్బుని ఆ గీతకి సాక్ష్యంగా వేసుకున్నాను. వాడు నన్ను ఒక్కమాట అనలేదు. ఇప్పటికీ అనడు. నీ యాప్ గురించి అంత సంబరంగా చెప్పాడంటే వాడి మంచితనమే.

ఇప్పుడు నీ పొద్దుటి మెసేజ్ చూస్తే నాకెందుకు భయమో తెలిసిందా? నీ స్నేహితుల్లో ఎవరికో నాలుగురోజులుగా నీరసంగా ఉంటుంది. నీ గీత దానికొక కారణం చూపిస్తుంది. కారణం దొరికిందంటే మనిషి ఇంక వెతకడు. పరీక్ష రోజు పొద్దున ఇంకొకరికి "బుద్ధి గీత సున్నా మీదుంది" అని పంపుతావు. ఆ పిల్ల హాల్లో కూర్చుని ప్రశ్న రెండోసారి చదివినప్పుడు ఏమనుకుంటుందో ఆలోచించావా?

ఆ 23, 28 ఎక్కడివో కూడా చూడు. బెర్లిన్‌లో చెవి ముక్కు గొంతు డాక్టరు విల్‌హెల్మ్ ఫ్లీస్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ సంఖ్యలు పట్టుకున్నాడు, 23 మగ చక్రమని, 28 ఆడ చక్రమని. వియన్నాలో స్వోబోడా అనే మనస్తత్వ శాస్త్రవేత్త కూడా ఇవే అన్నాడు. 33ని 1920ల్లో ఇన్స్‌బ్రుక్‌లో టెల్చర్ అనే ఇంజినీరు, విద్యార్థుల మార్కుల నుంచి తీశానన్నాడు. ఫ్లీస్ ఏ జబ్బు తేదీనైనా, ఏ వయసునైనా 23, 28 గుణిజాలను కలిపీ తీసేసీ సరిపెట్టేవాడు. సరిపడకుండా ఎలా ఉంటుంది? 23ని 11తో హెచ్చిస్తే 253, 28ని 9తో హెచ్చిస్తే 252. తేడా 1. ఒకటి వచ్చిందంటే ఏ సంఖ్యైనా వస్తుంది. ఉమ్మడి కారణాంకం లేని ఏ రెండు సంఖ్యలైనా ఇంతే చేస్తాయి, నువ్వు ఎనిమిదో తరగతిలోనే చెప్పగలిగేదానివి. ఫ్లీస్ స్నేహితుడు, మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్ అంతటివాడు 23, 28 కలిపి 51వ ఏట పోతానని భయపడ్డాడు. 83 ఏళ్ళు బతికాడు.

మనసు గీత సంగతి ఇంకా సులువు. 28 అంటే సరిగ్గా నాలుగు వారాలు, సగం రెండు వారాలు. మంగళవారం పుట్టినవాళ్ళకి మనసు క్రిటికల్ డేలన్నీ జీవితాంతం మంగళవారాలే. నీ కోడ్‌లో వారం పేరు ప్రింట్ చేసి చూడు.

నీ క్రిటికల్ డేలు ఎన్నో కూడా లెక్కపెట్టు. మూడు గీతలూ కలిపి దాదాపు అయిదు రోజులకొకటి వస్తుంది. ముందురోజు, తర్వాతిరోజు కూడా జాగ్రత్త అంటే రోజుల్లో సగం పైగా ప్రమాదమే. ఇక ఏ దెబ్బ తగిలినా గీత దగ్గర్లోనే ఉంటుంది. 1998లో టెరెన్స్ హైన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 134 పరిశోధనలను ముందేసుకుని చూసి, ఈ సిద్ధాంతానికి ఆధారం లేదని తేల్చాడు.

ఒంట్లో గడియారాలే లేవని నేననడం లేదు. అవి ఉన్నాయి, అందుకే ఈ గీతలకి అంత సులువుగా లొంగిపోతాం. 1729లోనే డి మైరాన్ అనే ఆయన అత్తిపత్తిలాంటి మొక్కని చీకట్లో పెడితే ఎండ లేకుండానే పగటివేళకి ఆకులు విప్పిందని చూశాడు. ఈగల్లో ఆ గడియారాన్ని నడిపే జన్యువుల పని తేల్చినందుకు 2017లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. కానీ ఆ గడియారం కూడా ఖచ్చితంగా 24 గంటలు కాదు. రోజూ వెలుగు చూసి సర్దుకుంటుంది. నెలసరి కూడా మనిషి మనిషికీ, ఒక్కోసారి నెలనెలకీ మారుతుంది. మరి పుట్టిన క్షణాన మొదలైన 23 రోజుల చక్రం దేన్ని చూసి సర్దుకుంటుంది? 23కి బదులు 23.1 అయినా ముప్పై ఏళ్ళకి 47 రోజుల తేడా వస్తుంది, అంటే రెండు చక్రాలు తప్పినట్టే. నెల ముందే సిజేరియన్‌తో తీసిన బిడ్డకి గీత ఎక్కడ మొదలవ్వాలి?

యాప్ ఆపెయ్యమని అనడం లేదు. అంత కష్టపడి రాశావు, చెరిపెయ్యమనడానికి నాకు మనసొప్పదు. మెసేజ్ మాత్రం తీసెయ్. బదులుగా ఒక పని చెయ్. నెలరోజులు అందరిచేతా రాత్రి నిద్రకి ముందు ఒంటికి, మనసుకి, చదువుకి పదికి ఎంతో వేయించు, గీత చూపించకు. నెలాఖరున సగంమందికి వాళ్ళ గీతే ఇవ్వు, సగంమందికి వేరేవాళ్ళ గీత ఇవ్వు. ఎవరిది ఎవరికి బాగా కుదిరిందంటారో విను. అప్పుడు నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే.

అన్నట్టు, అర్ధరాత్రి అంటే గుర్తొచ్చింది. రెండింటిదాకా కూర్చుని కోడ్ రాస్తున్నావట. పొద్దున క్లాసులో కళ్ళు మూతలు పడుతుంటే ఏ గీతనీ చూడక్కర్లేదు, పదకొండుకల్లా పడుకో.

ఆ నోట్‌బుక్ పార్సిల్‌లో పంపుతున్నాను. టిక్కు పెట్టిన పేజీ మడిచి ఉంటుంది. మీ నాన్న వచ్చినప్పుడు చూపించినా ఫర్వాలేదు.

మొన్న ఫోన్‌లో నీ గొంతు బొంగురుగా ఉంది, మధ్యలో దగ్గావు కూడా. ఎన్నాళ్ళైందో రాయి. వారం దాటి ఉంటే రేపే డాక్టరు దగ్గరికెళ్ళు.

మీ అత్తయ్య