బ్రాయిలర్ల పేగుల ఆరోగ్యానికి దాణాలో ఏం కలపాలి?

ప్రశ్న: మాది తిరుపతి జిల్లా చంద్రగిరి మండలం. కంపెనీ ఒప్పందం లేకుండా సొంతంగా బ్రాయిలర్లు పెంచుతున్నాను. మొక్కజొన్న, సోయా చెక్క, కొంత తవుడు కలిపి దాణా మేమే ఆడించుకుంటాము. మూడో వారానికల్లా రెట్ట పలచబడి లిట్టర్ (షెడ్డు నేలపై పరిచే పొట్టు) తడిసిపోతోంది, రెట్టలో అరగని మేత కనిపిస్తోంది, బరువు రావడం లేదు. గతంలో యాంటీబయాటిక్ కలిపేవాళ్లం. ఇప్పుడు దుకాణదారు ప్రోబయాటిక్ (మేలు చేసే సూక్ష్మజీవులు), యాసిడిఫయర్ (నీటిలో కలిపే ఆమ్లం), ఎంజైములు (అరుగుదలకు తోడ్పడేవి), వెల్లుల్లి పొడి అన్నీ వాడమంటున్నారు. ఏది వాడాలి?

జవాబు: అన్నీ ఒకేసారి వాడకండి. ముందు జబ్బు ఉందో లేదో తేల్చుకోవాలి. మూడో వారంలో ఈ లక్షణాలు కనిపిస్తే మొదట అనుమానించవలసింది కాక్సీడియోసిస్‌ను (కాక్సీడియా అనే పరాన్నజీవులు పేగుల్లో కలిగించే జబ్బు). అప్పుడే చనిపోయిన కోడిని పశువైద్యునితో కోయించి చూడండి. గుడ్డిపేగుల్లో రక్తం ఉన్నా, చిన్నపేగు మొదటి భాగంలో తెల్లని అడ్డగీతలు ఉన్నా అది కాక్సీడియోసిస్ కావచ్చు. పేగు గాలితో ఉబ్బి, లోపలి పొర గరుకుగా తయారైతే క్లాస్ట్రీడియం అనే బాక్టీరియా వల్ల వచ్చే నెక్రోటిక్ ఎంటరైటిస్‌ను (పేగు లోపలి పొర కుళ్లే జబ్బు) అనుమానించాలి. ఈ రెండింటికీ చికిత్స చేయించాల్సిందే, పొడులతో కాలయాపన చేయరాదు. దాణాలో సాలినోమైసిన్ వంటి కాక్సీడియా నివారిణి ఉన్నప్పుడు టియామ్యులిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే కోళ్లు చనిపోయే ప్రమాదం ఉంది కనుక, ఏం కలుపుతున్నారో వైద్యునికి ముందే చెప్పండి.

జబ్బు లేదని తేలితే నీటిని పరీక్షించండి. బోరు నీరు క్షారగుణం కలదైతే, సీసాపై రాసిన మోతాదులో ఆమ్లం (యాసిడిఫయర్) పోసినా పీహెచ్ (ఆమ్ల-క్షార గుణాల కొలత) తగినంత దిగకపోవచ్చు. అందుకే ట్యాంకులో కాక, లైను చివరి నిపుల్ (కోళ్లు నీరు తాగే మొన) దగ్గర నీరు పట్టి పీహెచ్ కాగితంతో చూడాలి. ఫార్మిక్, ప్రొపియోనిక్ వంటి సేంద్రియ ఆమ్లాలు పీహెచ్ తగ్గినప్పుడే సూక్ష్మజీవుల కణాల్లోకి తేలికగా చొరబడి వాటిని దెబ్బతీస్తాయి. అయితే నీరు మరీ పుల్లబడితే కోళ్లు తాగడం తగ్గిస్తాయి. లసోటా (కొక్కెర తెగులు టీకా), గంబోరో టీకాలు నీటిలో ఇచ్చే రోజు ఆమ్లం, క్లోరిన్ రెండూ ఆపాలి. ఎండలు మండే రోజుల్లో కోళ్లు ఎక్కువ నీరు తాగడం వల్ల రెట్ట పలచబడుతుంది. దాన్ని జబ్బుగా పొరబడవద్దు. లిట్టర్‌ను గుప్పిట పట్టి నొక్కినప్పుడు ముద్ద కట్టి విడిపోకుండా ఉంటే తేమ మితిమీరిందన్నమాట. నిపుల్ ఎత్తు, కారడం, గాలి రాకపోకలు సరిచేయకుండా ఏ మందు కలిపినా ఫలితం ఉండదు.

మీ దాణాలో తవుడు ఉంది కనుక ఎంజైములకు ఖర్చు పెట్టడం సమంజసమే. తవుడులోని భాస్వరంలో చాలాభాగం కోళ్లకు సరిగా అరగని ఫైటేట్ రూపంలో ఉంటుంది, ఫైటేజ్ అనే ఎంజైము దాన్ని విడుదల చేస్తుంది. పీచును విడగొట్టడానికి జైలనేజ్ అనే ఎంజైము పనికొస్తుంది. ఫైటేజ్ వాడినప్పుడు కాల్షియం, భాస్వరం లెక్కలు మళ్లీ సరిచూడాలి.

ప్రోబయాటిక్‌ను పిల్లలు వచ్చిన మొదటి రోజుల నుంచే ఇవ్వడం మేలు. గుళికల దాణా తయారీ వేడికి లాక్టోబాసిల్లస్ అనే ప్రోబయాటిక్ బాక్టీరియా చాలావరకు నశిస్తుంది, బాసిల్లస్ అనే మరో రకం బాక్టీరియా బీజాలు (స్పోర్లు) తట్టుకుంటాయి. యాంటీబయాటిక్ ఇస్తూ దానితోపాటే ప్రోబయాటిక్ కలపడం డబ్బు నేలపాలు చేయడమే. బరువు కోసం యాంటీబయాటిక్ కలిపే పద్ధతిని ఐరోపా సమాఖ్య 2006లోనే నిషేధించింది. మన దేశంలో ఆహార జంతువుల్లో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకంపై 2019లో నిషేధం వచ్చింది. మీరు మానుకోవడం మంచిదే.

వెల్లుల్లి పొడి గురించి: ఫలితాలు ఒక్కో ఫారంలో ఒక్కోలా ఉంటాయి, నేనైతే దానికి చివరి స్థానమే ఇస్తాను. ఏది ఎంచుకున్నా ఒకే బ్యాచ్ పిల్లలను షెడ్డు మధ్య అడ్డుకట్టి రెండుగా విడదీసి, ఒక వైపు మాత్రమే కలిపి, ప్రతి వారం రెండు వైపులా కొన్నింటిని తూచి, తిన్న దాణాతో పోల్చి రాసుకోండి. తేడా కనిపించకపోతే మరో బ్యాచ్‌కు దాన్ని కొనవద్దు.