కటు అంటే చేదా, కారమా?

సందేహం: నరసన్నపేట నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు. "మా అత్తమ్మకి ఆకలి మందగించిందని వైద్యుడు కటుకరోహిణి చూర్ణం ఇచ్చారు. డబ్బా మీద రసం తిక్తం, విపాకం కటు అని ఉంది. ఒకే మందు చేదూ కారమూ ఎలా అవుతుందండీ? మా మరిది మిలటరీలో చేస్తాడు, కటు అంటే చేదే వదినా, హిందీలో కడ్వా అంటారు కదా అంటాడు. అత్తమ్మేమో అదంతా నాకేటికే, సేదుగున్నాది, కసాయం కాసి ఇయ్యి అంతాది. మరి ఆరు రుచుల్లో కషాయం అంటే వగరు అని కదా మేం చదువుకున్నాం. ఏది రైటు?"

సమాధానం: అమ్మా, డబ్బా మీద రాసింది కరెక్టే. మీ మరిది మాట హిందీ వరకూ కరెక్టు, మీ అత్తమ్మ మాట మన వాడుకలో కరెక్టు. మూడు చోట్ల మాటలు ఒకే డబ్బా దగ్గర కలిసేసరికి తికమక వచ్చింది, అంతే.

ఆయుర్వేదం లెక్కలో తిక్తం అంటే చేదు, కటు అంటే కారం, కషాయం అంటే వగరు. ఇందులో మార్పు లేదు. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు ఈ మూడింటినీ కలిపి త్రికటు అంటారు కదా, వాటిలో చేదు ఎక్కడుంది, నాలుక మీద వేసుకుంటే మంటే కదా. పాతకాలంలో కటు అంటే గుర్తొచ్చేవి ఇవే, మిరపకాయ పోర్చుగీసు వాళ్ల ఓడల మీద తర్వాతెప్పుడో వచ్చింది, దానికి పేరు మాత్రం మన మిరియం నుంచే పెట్టుకున్నాం.

హిందీలో ఏమైందంటే, కటుక అనే సంస్కృతం మాట అరిగి అరిగి కడ్వా అయ్యి, అర్థం కారం నుంచి చేదు వైపు జరిగిపోయింది. అయినా పాత అర్థం పూర్తిగా పోలేదు, మీ మరిదిని అడగండి, ఉత్తరాది వాళ్లు ఆవనూనెని కడ్వా తేల్ అంటారు, ఆ నూనె చేదు కాదు, ముక్కుకెక్కే ఘాటు. ఇప్పుడు ఫోన్లలో తిరిగే ఆయుర్వేదం మెసేజీలు చాలా వరకు హిందీ నుంచి తర్జుమా అయినవే, అందుకే కటు కనపడ్డ చోటల్లా చేదు అని రాసేస్తున్నారు. ఇది చిన్న తప్పు కాదమ్మా, ఎందుకంటే శాస్త్రంలో చేదు చలవ చేసేది, కారం వేడి చేసేది. కడుపులో మంటతో బాధపడే మనిషి కారం మందుని చేదు అనుకుని, చలవ చేస్తుందని వేసుకుంటే ఏమవుతుందో మీకే తెలుసు. ఇంకొందరు తిక్త రసం అన్నదాన్ని చేదు జ్యూస్ అని రాస్తున్నారు, ఇక్కడ రసం అంటే రుచి, చారూ కాదు జ్యూసూ కాదు.

మన తెలుగులో ఇంకో చిక్కు ఉంది. కటిక చీకటి, కటిక పేదరికం అన్నట్టే కటిక చేదు అంటాం, ఆ కటికకి అర్థం మరీ ఎక్కువ అని, అది రుచి పేరు కాదు. కటువుగా మాట్లాడాడు అన్నప్పుడు కూడా పరుషంగా అనే గానీ చేదుగా అని కాదు. ఇవన్నీ చెవికి ఒకేలా వినపడతాయి కాబట్టి కటుకరోహిణి అనగానే చేదు రోహిణి అని అనిపించడం సహజమే.

మరి ఆ మొక్కకి కటుక అని పేరెందుకు, రుచి చేదు కదా అంటారేమో. పేరు వేరు, రుచి లెక్క వేరు. హిమాలయాల్లో దొరికే దుంప అది, నిఘంటువుల్లో దానికి తిక్త అనే పేరూ ఉంది, మత్స్యపిత్త అనే పేరూ ఉంది. ఈ మత్స్యపిత్త మన సముద్రం ఒడ్డు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, చేప కోసేటప్పుడు లోపలున్న పచ్చటి తిత్తి చితికితే కూరంతా ఎలా పాడైపోతుందో అందరికీ అనుభవమే, ఆ చేదు ఈ దుంపది. ఇక విపాకం కటు అంటే, అరిగిన తర్వాత శరీరంలో ఆ పదార్థం చివరికి ఏ గుణం చూపిస్తుందో అది. చేదు, కారం, వగరు మూడింటికీ మామూలుగా విపాకం కటువే అని శాస్త్రం. అంటే డబ్బా మీద నోటి రుచి ఒకటి, అరిగాక వచ్చే గుణం ఒకటి, రెండూ రాశారు. అన్ని చేదులూ ఇలాగే ఉండవు, తిప్పతీగ చూడండి, రుచి చేదూ వగరూ, విపాకం మాత్రం మధురం అంటారు.

కషాయం సంగతి. రుచిగా చెప్తే వగరే, పలాస వైపు జీడిమామిడి పండు కొరికితే నాలుక బిరుసెక్కి గొంతు పట్టేసినట్టు ఉంటుందే, అదీ. కరక్కాయలో పైకి తేలేదీ అదే. కానీ మందుల తయారీలో కషాయం అంటే వేరు, పసరు తీసినా, ముద్ద నూరినా, కాచినా, చల్లనీళ్లలో నానబెట్టినా, వేణ్ణీళ్లలో నానబెట్టి వడగట్టినా, ఈ ఐదింటినీ కషాయ కల్పనలనే అన్నారు. కాచిన దానికి ప్రత్యేకంగా క్వాథం అని పేరు, తెలుగులో మాత్రం కషాయం అనే ఆ పెద్ద మాటే కాచిన దానికి నిలబడిపోయింది. కాబట్టి కషాయం చేదుగా ఉంది, కషాయం ఘాటుగా ఉంది అని నిక్షేపంగా రాయొచ్చు.

కరోనా టైములో కటుకీ తిక్తానికీ ఉన్న ఈ తేడా బాగా తెలియాల్సింది. అప్పుడు ఇంటింటా కాచుకున్న ఆయుష్ క్వాథంలో తులసి నాలుగు భాగాలు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒకటి, అంటే పైకి తేలేదంతా కటువే. అదే రోజుల్లో వినపడ్డ ఆయుష్ 64 మాత్ర ఏడాకులపాల, కటుకరోహిణి, కిరాతతిక్తం అనే చేదు మొక్క, గచ్చకాయలతో చేసింది, అది పక్కా తిక్తం. రెండింటినీ కలిపి చేదు మందులు అనేయడం మాటకీ మందుకీ రెండింటికీ అన్యాయం.

ఆకలి మందగిస్తే ఇంత చేదు ఎందుకిచ్చారు అనే ప్రశ్నకి ఆయుర్వేద మూలగ్రంథం చరక సంహితలో, సూత్రస్థానం అనే భాగంలోనే జవాబుంది, తిక్తం తనకి తాను రుచించదు గానీ అరుచిని పోగొడుతుంది, దీపనం, పాచనం అని. ఈ రెండూ కూడా ఒకటి కాదు. ఆకలి రగిలించేది దీపనం, అరగకుండా మిగిలిపోయిన ఆమాన్ని అరిగించేది పాచనం. శార్ఙ్గధరుడు అనే పాత ఆయుర్వేద గ్రంథకర్త సోపుని మొదటిదానికి, నాగకేసరాన్ని రెండోదానికి, చిత్రమూలాన్ని రెండింటికీ ఉదాహరణగా చెప్పాడు. ఇంత విడివిడిగా ఉన్న మాటల్ని మనం అన్నిటికీ కలిపి డైజెషన్‌కి మంచిది అని తేల్చేస్తున్నాం, నాకు నిజంగా బాధనిపిస్తుంది.

అత్తమ్మ కాసి ఇయ్యమన్నారని ఆ పొడిని మరిగించేయకండి. చూర్ణం వేరు, క్వాథం వేరు, మోతాదులూ వేరు, కటుకరోహిణి కాస్త ఎక్కువైతే విరేచనాలవుతాయి. ఎలా ఇమ్మన్నారో, ఎంత ఇమ్మన్నారో ఆ వైద్యుణ్ణే ఇంకోసారి అడగండి, ఆవిడ షుగర్‌కి గానీ బీపీకి గానీ మందులు వాడుతుంటే అదీ చెప్పండి.